అన్నభేది – ఐరన్ మాత్ర – మన రక్తం

— బి.యస్సి. మూడవ సంవత్సరం విద్యార్థిని

చేలో ఆకు పసుపుపచ్చగా మారితే రైతుకు ఆ రాత్రి నిద్ర పట్టదు. తెల్లారేసరికి మందుల అంగడి దగ్గర నిలబడతాడు. అదే రైతు ఇంట్లో ఆడమనిషి మొహం పాలిపోతే మాత్రం "ఎండకు తిరిగి అట్లయింది లే" అని ఊరుకుంటాడు. ఈ రెంటికీ కారణం చాలాసార్లు ఒకటే. అది ఇనుము లోపం.

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతపు నల్లరేగడి భూముల సంగతి మనందరికీ తెలిసిందే. సున్నం పాలు ఎక్కువగా ఉన్న నేలల్లో వేరుశనగ గానీ, మెట్ట నారుమడి గానీ, నిమ్మ, బత్తాయి గానీ లేత ఆకులు తెల్లబడి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. భూమిలో ఇనుము లేక కాదు. ఉన్న ఇనుము వేరుకు అందే రూపంలో లేక. అప్పుడు వ్యవసాయాధికారులు చెప్పే మందు ఏమిటి? లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం ఎడంతో రెండు మూడుసార్లు పిచికారీ చేయమంటారు. వారం పది రోజుల్లో ఆకు తిరిగి పచ్చబడుతుంది.

ఆ అన్నభేదినే మన రసాయన శాస్త్ర ప్రయోగశాలలో ఫెర్రస్ సల్ఫేట్ అంటాము. మోర్ లవణంతో అంశమాపనం చేసిన ప్రతి విద్యార్థికీ దీని చుట్టరికం తెలుసు. ఇదే లవణాన్ని మందుకు తగినట్లు శుద్ధిచేసి, మాత్రగా కట్టి, ఆరోగ్య ఉపకేంద్రాల్లో గర్భిణులకు, బడుల్లో పిల్లలకు ఇస్తున్నారు. (చేనుకు కొట్టే అన్నభేదిలో ఇతర లోహాల మాలిన్యం ఉండవచ్చును. అది చేనుకే గాని నోటికి కాదు.) చేనుకు వేసే మందు మోతాదు, సమయం, తోడు కలిపే వస్తువు అన్నీ అడిగి తెలుసుకునే మనం, నోట్లో వేసుకునే మాత్రను గురించి ఏమీ అడగము. అందువలన కొందరికి మాత్ర పనిచేయదు, కొందరు సగంలో మానేస్తారు, ఎక్కడో ఒకచోట పసిబిడ్డ ప్రాణానికే వస్తుంది. ఈ విషయాలను తోటి విద్యార్థులకు తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

సమస్య ఎంత పెద్దది?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ వయసుగల స్త్రీలలో దేశం మొత్తం మీద నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సంఖ్య 58.8. ఆరు నెలల నుండి ఐదేళ్ళలోపు పిల్లలలో మన రాష్ట్రపు సంఖ్య 63.2. అంటే ఒక తరగతి గదిలో పదిమంది అమ్మాయిలు కూర్చుంటే అందులో ఐదారుగురికి రక్తం తక్కువన్న మాట.

గర్భం లేని స్త్రీలకు 100 మిల్లీలీటర్ల రక్తంలో 12 గ్రాములు, పురుషులకు 13 గ్రాముల కంటె హిమోగ్లోబిన్ తగ్గితే రక్తహీనత అంటారు. గర్భిణులకు సాధారణంగా 11 గ్రాములు హద్దుగా పెట్టుకుంటారు. కళాశాలల్లో రక్తదాన శిబిరాలు జరిగినప్పుడు ఉత్సాహంగా వరుసలో నిలబడిన అమ్మాయిల్లో కొందరిని "నీకే రక్తం లేదు, ఇంక నీవేం ఇస్తావమ్మా" అని వెనక్కు పంపడం మనం చూస్తూనే ఉంటాము. రక్తదాతకు కనీసం 12.5 గ్రాములు ఉండాలి. ఆ రోజు వెనక్కు వచ్చిన అమ్మాయి నవ్వేసి ఊరుకుంటుంది గాని, నిజానికి ఆమెకు ఉచితంగా ఒక పరీక్ష జరిగి ఫలితం చేతికి వచ్చింది. దాన్ని పట్టుకొని డాక్టరు దగ్గరకు పోవడమే తెలివైన పని.

మెట్లెక్కితే ఆయాసం, పుస్తకం పట్టుకుంటే కునుకు, పత్తి తీసే చోట నాలుగు సాళ్ళకే కళ్ళు తిరగడం, కనురెప్ప లోపల తెల్లబడటం, గోళ్ళు పెళుసై చెంచాలాగా గుంటపడటం దీని లక్షణాలు. ఇంకొక వింత లక్షణం కూడా ఉన్నది. పచ్చిబియ్యం, మట్టి, బలపాలు తినాలని నోరు ఊరడం. ఇంట్లో వాళ్ళు దీన్ని "పాడలవాటు" అని తిడతారు. చాలాసార్లు అది అలవాటు కాదు, ఒంట్లో ఇనుము తగ్గిందని శరీరం చెప్పే కబురు.

ఒంట్లో ఇనుము లెక్క

మనిషి శరీరంలో ఉండే మొత్తం ఇనుము మూడు నాలుగు గ్రాములే. ఒక చిన్న మేకంత. అందులో మూడింట రెండు వంతులు హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. ఒక్కొక్క హిమోగ్లోబిన్ అణువులో నాలుగు ఇనుప పరమాణువులుంటాయి. ఊపిరితిత్తుల్లో ప్రాణవాయువును ఎత్తుకొని ఒళ్ళంతా పంచేవి ఇవే. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బ్రతుకుతుంది. అది చచ్చిపోయినా అందులోని ఇనుమును శరీరం పారెయ్యదు, మళ్ళీ కొత్త కణానికి వాడుకుంటుంది. పాత ఇంటి దూలాలు విప్పి కొత్త ఇంటికి వాడుకునే సంసారి లాంటిది మన శరీరం. అందుకే మగవాడికి రోజుకు ఒక మిల్లీగ్రాము కొత్త ఇనుము రక్తంలో చేరితే చాలు.

స్త్రీకి ఆ లెక్క సరిపోదు. నెలనెలా బహిష్టులో 15 నుండి 20 మిల్లీగ్రాముల దాకా పోతుంది. రక్తస్రావం ఎక్కువైతే ఇంకా ఎక్కువ. గర్భం మొదలు కాన్పు దాకా సుమారు 1000 మిల్లీగ్రాములు అదనంగా కావాలి. తిండిలో ఇనుము లేకపోలేదు. కాని ధాన్యాలు, పప్పులు, ఆకుకూరల్లోని ఇనుము వందలో పది పాళ్ళు కూడా ఒంటికి పట్టడం కష్టం. వాటిలోని ఫైటేట్లు దాన్ని పట్టుకొని వదలవు. మళ్ళీ మన నల్లరేగడి కథే. ఉన్నది, అందదు.

మాత్రలో ఏముంది?

ఇనుముతో వైద్యం కొత్తది కాదు. 1832లోనే బ్లాడ్ అనే ఫ్రెంచి వైద్యుడు ఫెర్రస్ సల్ఫేట్‌తో చేసిన మాత్రలను పాలిపోయిన అమ్మాయిలకు ఇచ్చి పేరుపొందాడు. మాత్రలో ఇనుముకు తోడు ఉండే ఫోలిక్ ఆమ్లం కథకు మన దేశంతోనే సంబంధం ఉంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశోధించింది. ఆ పరిశోధనే తర్వాత ఫోలిక్ ఆమ్లాన్ని కనుగొనడానికి దారితీసింది. మన ప్రభుత్వం 1970లో ఈ రెండూ కలిపిన మాత్రల పంపిణీ ప్రారంభించింది. 2018 నుండి "రక్తహీనత లేని భారతదేశం" పేరుతో అనీమియా ముక్త్ భారత్ అనే కార్యక్రమం మొదలయింది.

దాని ప్రకారం 10 నుండి 19 ఏళ్ళవారికి వారానికొక నీలిరంగు మాత్ర, గర్భిణులకు రోజుకొక ఎర్రమాత్ర 180 రోజులు. ఒక్కొక్క మాత్రలో 60 మిల్లీగ్రాముల మూలక ఇనుము ఉంటుంది. 180 ఎందుకని అడగవచ్చును. 180ని 60తో గుణించండి, 10,800 మిల్లీగ్రాములు. అందులో నూటికి పది పాళ్ళు పట్టినా వెయ్యి పైచిలుకు. గర్భిణికి కావలసిన లెక్క సరిగ్గా అంతే గదా!

ఇక్కడ "మూలక ఇనుము" అన్న మాట ముఖ్యం. మందుల అంగట్లో కొనే మాత్ర మీద వ్రాసిన అంకె లవణం బరువు కావచ్చు, ఇనుము బరువు కావచ్చు. ఎండబెట్టిన ఫెర్రస్ సల్ఫేట్ 200 మిల్లీగ్రాములలో ఇనుము సుమారు 65 మిల్లీగ్రాములే. ఫెర్రస్ ఫ్యూమరేట్‌లో మూడింట ఒక వంతు, ఫెర్రస్ గ్లూకోనేట్‌లో నూటికి 12 పాళ్ళు. పేరు మారితే లెక్క మారుతుంది. కాబట్టి ఒక కంపెనీ మాత్ర బదులు ఇంకొకటి తీసుకునేటప్పుడు "ఇందులో ఇనుము ఎంత?" అని అడగాలి.

ఎట్లా మింగాలి?

1. మాత్రను నమలకుండా గ్లాసెడు నీళ్ళతో మింగాలి. వెంటనే పడుకోరాదు. గొంతులో ఇరుక్కుంటే అన్నవాహిక పుండు పడుతుంది.

2. ఖాళీ కడుపున వేసుకుంటే ఎక్కువ పడుతుంది. కాని వికారం పెట్టేవారు అన్నం తిన్న తర్వాత వేసుకోవచ్చును. కొంత తక్కువ పట్టినా పరవాలేదు. మానేయడం కంటె అది వెయ్యి రెట్లు మేలు.

3. టీ, కాఫీలతో వేసుకోరాదు. టీలోని టానిన్లు ఇనుముతో కలిసి కరగని పదార్థంగా మారతాయి. ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో టీ డికాక్షన్ నాలుగు చుక్కలు వేసి చూడండి, సిరాలాగా నల్లబడుతుంది. కడుపులోనూ ఇటువంటిదే జరుగుతుంది. మాత్రకూ టీకి మధ్య ఒకటి రెండు గంటల ఎడం ఉండాలి. తాంబూలానికీ ఇదే లెక్క. అందులో సున్నమూ ఉంది, వక్కలో టానిన్లూ ఉన్నాయి.

4. పాలు, పెరుగు, మజ్జిగ, కాల్షియం మాత్రలు కూడా ఇనుముకు అడ్డుపడతాయి. గర్భిణులకు కాల్షియం, ఐరన్ రెండూ ఇస్తారు. రెండింటినీ ఒకేసారి మింగితే ఒకటి రెండవదానికి పోటీ అవుతుంది. ఒకటి పొద్దున, ఒకటి రాత్రి అని పెట్టుకోవాలి.

5. నిమ్మకాయ నీళ్ళు, ఉసిరి, జామకాయ మంచి తోడు. విటమిన్ సి ఇనుమును ఫెర్రస్ రూపంలో, కరిగే స్థితిలో ఉంచుతుంది. అన్నభేదిలో నిమ్మ ఉప్పు ఎందుకు కలిపామో ఇక్కడ నిమ్మరసం కూడా దాదాపు అందుకే.

కాలువ తూము వంటి హెప్సిడిన్

"త్వరగా రక్తం పట్టాలి" అని రోజుకు మూడు నాలుగు మాత్రలు మింగేవారున్నారు. దీనివల్ల లాభం లేకపోగా నష్టం. ఎందుకో చూద్దాం.

కె.సి. కెనాల్ కింద సేద్యం చేసేవారికి తూము సంగతి చెప్పనక్కరలేదు. నీళ్ళు ఎంత వచ్చినా తూము ఎంత ఎత్తితే అంతే చేలోకి పారుతుంది. మన పేగుల్లో ఇనుమును రక్తంలోకి వదిలే తూము ఒకటి ఉంది. దాన్ని దించేది కాలేయంలో పుట్టే హెప్సిడిన్ అనే హార్మోను. ఇరవై ఒకటవ శతాబ్దం మొదట్లో గానీ దీని సంగతి బయటపడలేదు. ఒక పెద్ద మోతాదు ఇనుము లోపలికి పోగానే హెప్సిడిన్ పెరిగి తూము దిగుతుంది. సుమారు ఒక రోజుదాకా అట్లాగే ఉంటుంది. ఆలోగా వేసుకున్న రెండవ మాత్రలో ఎక్కువ భాగం పేగుల్లోనే మిగిలిపోయి, మంట, మలబద్ధకం తెస్తుంది.

2017లో స్విట్జర్లాండులోని జూరిచ్ పరిశోధకులు, ఇనుము నిల్వలు తగ్గిన, ఇంకా రక్తహీనత రాని స్త్రీల మీద చేసిన పరిశోధన ప్రకటించారు. రోజూ మాత్ర వేసుకున్నవారికి ఇనుము నూటికి 16.3 పాళ్ళు పడితే, రోజు మార్చి రోజు వేసుకున్నవారికి 21.8 పాళ్ళు పట్టింది. కాలువ నీళ్ళు వంతుల వారీగా పెట్టుకుంటే చేను బాగా తడిసినట్లే ఇదీను. అందువలన ఇప్పుడు చాలామంది డాక్టర్లు, ముఖ్యంగా రోజూ పడనివారికి, దినం విడిచి దినం వేసుకోమంటున్నారు. అయితే గర్భిణుల విషయం వేరు. వారికి వ్యవధి తక్కువ, అవసరం ఎక్కువ. రక్తహీనత ఉన్నట్లు తేలితే రోజుకు రెండు మాత్రలు కూడా ఇస్తారు. వారు ఈ వ్యాసం చదివి తమంతట తాము మార్పు చేసుకోరాదు. డాక్టరు చెప్పినట్లే నడవాలి.

నల్లగా పోతే భయమా?

మా ఊళ్ళో మా పెద్దమ్మకు మాత్రలిచ్చారు. వారం తిరక్కుండానే మానేసింది. కారణమడిగితే "కడుపంతా మాడిపోయినట్లుంది పాపా, నల్లగా పోతాంది" అన్నది. డబ్బా విప్పి చూస్తే మాత్రలు అట్లే ఉన్నాయి. ఆమెకు ఎవరూ ముందుగా ఒక్కమాట చెప్పలేదు. ఒంటికి పట్టని ఇనుము బయటికి పోయేటప్పుడు మలం నల్లబడటం సహజం. దానివల్ల హాని లేదు. నేను లెక్కలతో సహా చెప్పిన తర్వాత ఆమె మళ్ళీ మొదలుపెట్టింది, రాత్రి సంగటి తిన్న తర్వాత, నిమ్మకాయ నీళ్ళతో.

అయితే ఒక భేదం గుర్తుంచుకోవాలి. మలం తారులాగా జిగటగా, చెడువాసనతో ఉన్నా, ఎర్రగా రక్తం కనపడినా, కడుపులో తీవ్రమైన నొప్పి ఉన్నా అది మాత్ర వల్ల అనుకోరాదు. లోపల రక్తస్రావం కావచ్చు. వెంటనే ఆసుపత్రికి పోవాలి.

వికారం, కడుపులో మంట, మలబద్ధకం, నోట్లో ఇనుప రుచి కొందరికి వస్తాయి. నీళ్ళు, పీచు ఎక్కువగా తీసుకోవడం, తిన్న తర్వాత వేసుకోవడం, డాక్టరునడిగి మోతాదు తగ్గించడం లేక మందు మార్చడం, వీటిలో ఏదో ఒకటి పనిచేస్తుంది. పిల్లల సిరప్ పళ్ళకు మరక పట్టిస్తుంది. తాగించిన తర్వాత నోరు పుక్కిలించాలి.

ఎంతకాలం?

రెండు వారాల్లో ఓపిక వచ్చినట్లనిపిస్తుంది. నెల తిరిగేసరికి హిమోగ్లోబిన్ ఒకటి రెండు గ్రాములు పెరగాలి. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఇది గాదెలో గింజలు లేకుండా పూట గడిచిందని సంతోషించడం వంటిది. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చిన తర్వాత కూడా దాదాపు మూడు నెలలు వాడితేనే కాలేయంలో, మజ్జలో నిల్వలు నిండుతాయి. ఫెరిటిన్ అనే పరీక్షతో ఆ గాదె ఎంత నిండిందో తెలుస్తుంది.

నెల రోజులు సక్రమంగా వాడినా హిమోగ్లోబిన్ కదలకపోతే, కారణం వేరే ఉందన్న మాట. బి-12 లోపం కావచ్చు, కొంకిపురుగులు కావచ్చు, ఎక్కడో రక్తం పోతూ ఉండవచ్చు. పురుషులకూ, ముట్లుడిగిన స్త్రీలకూ ఇనుము లోపం కనపడితే మాత్రలతో సరిపెట్టుకోరాదు. పుండో, మొలలో, పేగు కాన్సరో లోపల ఉందేమోనని వెతికించాలి. తలసేమియా, సికిల్ సెల్ వంటి పుట్టుకతో వచ్చే జబ్బులలోనూ రక్తం తక్కువగానే ఉంటుంది. కాని మాటిమాటికీ రక్తం ఎక్కించుకునేవారికి ఇనుము ఇప్పటికే ఎక్కువై గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వారికి పరీక్ష లేకుండా ఐరన్ మాత్ర ఇవ్వడం మురిగిన చేనుకు నీళ్ళు పెట్టడమే.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు ఐరన్‌కు నాలుగు గంటల ఎడం ఇవ్వాలి. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్‌లతో కలిపి మింగితే రెండూ పనిచేయవు. కడుపుమంటకు వాడే మందులు ఇనుమును పట్టనివ్వవు. వాడే మందులన్నీ డాక్టరుకు చెప్పాలి.

హిమోగ్లోబిన్ 7 గ్రాముల లోపుంటే మాత్రల మీద ఆధారపడకుండా ఆసుపత్రికి పోవాలి. అక్కడ ఇనుమును నరానికి ఎక్కిస్తారు, అవసరమైతే రక్తం ఎక్కిస్తారు. పల్లెల్లో "బలానికి" సెలైన్ పెట్టించుకునే అలవాటు ఉన్నది. అది ఉప్పునీరు. అందులో ఇనుము లేదు.

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక

మనం మరువగూడని సంగతి ఇది. పెద్దలకు మందైన ఈ మాత్ర పసిపిల్లలకు విషం. ఎర్రగా, నీలిగా, పైన తియ్యటి పూతతో ఉంటుంది. పిల్లలు పిప్పరమెంటు బిళ్ళలనుకుంటారు. ఒంటి బరువులో కిలోకు 20 మిల్లీగ్రాముల ఇనుము దాటితే విషలక్షణాలు మొదలవుతాయి. 60 దాటితే ప్రాణాపాయం. పది కిలోల బిడ్డకు లెక్క వేసి చూడండి. 60 మిల్లీగ్రాముల మాత్రలు పది, అంటే ఒక్క అట్ట! నాలుగు మాత్రలకే కష్టం మొదలు.

ఇందులో మోసపుచ్చే దశ ఒకటుంది. మొదట వాంతులు, విరేచనాలు, ఒక్కోసారి రక్తంతో. కొన్ని గంటలకు బిడ్డ తేరుకున్నట్లు కనపడుతుంది. తల్లి "దేవుడు కాపాడినాడు" అనుకుంటుంది. ఆ తర్వాత ఒక్కసారిగా కుప్పకూలి, కాలేయం చెడిపోయే దాకా పోతుంది. కాబట్టి బిడ్డ మింగినట్లు అనుమానం వచ్చినా సరే, బాగున్నట్లు కనపడినా సరే, ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నాలు మాని, 108కి ఫోను చేసి, మాత్రల అట్టతో సహా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఎన్ని మింగిందో అట్ట చెబుతుంది. దీనికి డెస్‌ఫెరాక్సమిన్ అనే విరుగుడు మందు ఉంది. కాని అది సమయానికి అందాలి. ఇంట్లో ఎండ్రిన్ డబ్బాను పిల్లలకు అందకుండా అటక మీద పెట్టిన మన పెద్దవాళ్ళ జాగ్రత్తే ఈ మాత్రల అట్టకూ కావాలి. తలగడ కింద, టి.వి. పక్కన, చీర కొంగులో కాదు.

మాత్ర ఒక్కటే చాలదు

వట్టికాళ్ళతో బురదలో నడిచేవారికి కొంకిపురుగు పాదాల గుండా ఎక్కి, పేగుల్లో చేరి రక్తం తాగుతుంది. చెప్పులు, మరుగుదొడ్డి, ఏటా ఫిబ్రవరి 10వ తేదీ నులిపురుగుల నివారణ దినం నాడు పిల్లలకిచ్చే ఆల్బెండజోల్ మాత్ర, ఇవన్నీ రక్తహీనతకు మందులే. తిండి విషయానికొస్తే, మాంసం, కాలేయం, మేక రక్తంతో చేసే నల్ల, చేపలలోని ఇనుము బాగా పడుతుంది. తినని వారు ఆకుకూరలు, శనగలు, మొలకెత్తిన గింజలు, సద్ద, కొర్రలు తినాలి. సూర్యనంది వంటి కొర్ర రకాలను మన నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానమే తయారుచేసింది. ఊరికి పేరు తెచ్చిన గింజ మన పళ్ళెంలో లేకపోతే ఏం లాభం? ఇనుప బాండలిలో పుల్లటి కూర వండినా ఇనుము కొంత కలుస్తుంది. అయితే బెల్లం ముక్క కొరికితే రక్తం పడుతుందన్నది అతిశయోక్తి. రక్తహీనత వచ్చిన తర్వాత తిండి ఒక్కటే దాన్ని తొందరగా పూడ్చలేదు. అప్పుడు మాత్ర కావలసిందే.

మిత్రులారా! మనలో చాలామంది రైతు కుటుంబాల నుండి వచ్చినవాళ్ళమే. మన చదువుకు ఫీజు కట్టిన డబ్బులో పత్తి తీసిన, నాట్లు వేసిన ఆడవాళ్ళ చెమట ఉంది. సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఇంట్లో ఐరన్ మాత్రల డబ్బా ఎక్కడుందో ఒకసారి అడగండి. ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. ఎందుకు మానేశారో కోప్పడకుండా వినండి. టీకి ఎడం, నిమ్మరసం తోడు, నల్లగా పోతే భయం లేదు, పిల్లలకు అందని చోటు. ఈ నాలుగు మాటలు చెప్పడానికి డిగ్రీ చేతికి వచ్చేదాకా ఆగనక్కరలేదు. చేలో ఆకు పసుపుపచ్చబడితే పరుగెత్తే కాళ్ళు, ఇంట్లో మొహం పాలిపోయినప్పుడు కూడా పరుగెత్తితే మనం చదివిన సైన్సుకు సార్థకత.